విండోస్, ఉబుంటు రెండూ ఉన్న కంప్యూటర్‌లో ఫోల్డర్లు తెరుచుకోవడానికి నిమిషాలు పడుతోంది

నరసన్నపేట స్టూడియో (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నరసన్నపేటలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు తీస్తాను, ఆల్బమ్ డిజైన్ కూడా నేనే చేసుకుంటాను. స్టూడియోలోని డెస్క్‌టాప్‌లో విండోస్ 10, ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం) రెండూ ఉన్నాయి. ఫోటోషాప్ పనంతా విండోస్‌లో జరుగుతుంది. ఉబుంటు పెట్టించుకోవడానికి కారణం పెన్‌డ్రైవులు. ప్రింట్ల కోసం వచ్చేవాళ్ళు తెచ్చే పెన్‌డ్రైవుల్లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయే వైరస్ తరచుగా ఉంటుంది కాబట్టి, వాటిని ముందు ఉబుంటులో తెరిచి, కావలసిన ఫోటోలు మాత్రం హార్డ్ డిస్క్‌లోకి తీసుకొని, ఆ తర్వాతే విండోస్‌లోకి వెళతాను.

కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది. రెండు సిస్టమ్‌లూ 240 జీబీ ఎస్ఎస్‌డీ మీద ఉన్నాయి. ఫోటోలన్నీ విడిగా 2 టీబీ హార్డ్ డిస్క్‌లో, విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో ఉన్నాయి. రెండు సిస్టమ్‌ల నుంచీ ఆ డిస్క్‌నే వాడుతున్నాను. ఇప్పటికి 1.3 టీబీ దాకా నిండింది.

సుమారు రెండు నెలలుగా ఫైళ్ళు చూసుకోవడం చాలా కష్టంగా ఉంది. విండోస్‌లో ‘దిస్ పీసీ’ తెరిస్తే పైన అడ్రస్ బార్‌లో ఆకుపచ్చ గీత మెల్లగా పాకుతూ ఉంటుంది, ఇరవై సెకన్లు దాటితేగాని డ్రైవులు కనిపించవు. ఫోటోషాప్‌లో ‘సేవ్ యాజ్’ నొక్కినా అంతే, కిటికీ తెల్లగా నిలబడిపోతుంది. ఉబుంటులో ‘ఫైల్స్’ తెరిస్తే అర నిమిషం వరకు ఖాళీ కిటికీయే కనిపిస్తుంది. ఇక పెద్ద ఫోల్డర్ల సంగతి మరీ ఘోరం. మొన్న టెక్కలిలో తీసిన పెళ్ళి ఫోల్డర్‌లో రెండు కెమెరాల రా ఫైళ్ళూ (కెమెరా మార్పులు చేయకుండా ఇచ్చే అసలు ఫైళ్ళు) జేపెగ్‌లూ కలిసి 11,000 పైచిలుకు ఉన్నాయి. అది తెరిచాక ఫోటోలన్నీ కనిపించడానికి మూడు నిమిషాలకు దగ్గరగా పడుతోంది. ఇది కాక, ఒక్కోసారి ఉబుంటులో ఆ డిస్క్‌లోకి ఏదీ కాపీ అవదు, కొత్త ఫోల్డర్ కూడా చేయనివ్వదు, చదవడానికి మాత్రమే అనుమతి ఉందని చెబుతుంది. ఎక్కువగా పొద్దున్న షాపు తెరవగానే ఇలా జరుగుతుంది, మధ్యాహ్నానికి అదే సర్దుకుంటుంది.

యాంటీవైరస్‌తో మొత్తం వెతికించాను, డీఫ్రాగ్ చేశాను, అక్కర్లేని ప్రోగ్రాములు తీసేశాను. తెలిసిన ఒక షాపులో అడిగితే డిస్క్ పోయింది, మార్చేయమన్నారు. ఇంకొకరు లినక్స్ తీసేస్తే అన్నీ బాగుపడతాయన్నారు. నేనైతే ఈ రెండు నెలల్లో కంప్యూటర్‌లో కొత్తగా ఏమీ పెట్టలేదు. పాత టెలిఫోన్ లైన్ ఇంటర్నెట్ తీయించి ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నాను, అంతే.

డిస్క్ మార్చడానికి డబ్బు గురించి వెనకాడటం లేదు. ఇందులో 2016 నుంచి నేను తీసిన పెళ్ళిళ్ళన్నీ ఉన్నాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం తోటలను పడగొట్టకముందు, ఆ కొబ్బరి చెట్ల మధ్య పందిళ్ళు వేసి చేసిన పెళ్ళిళ్ళూ ఉన్నాయి. తుఫానులో ఆల్బమ్‌లు తడిసి పాడైపోయినవాళ్ళు ఇప్పటికీ వచ్చి మళ్ళీ ప్రింట్లు వేయించుకుంటున్నారు. మరో కాపీ నా దగ్గర లేదు. అందుకే ఎవరో ఒకటి చెప్పగానే చేసేయడానికి చేయి రావడం లేదు. అసలు కారణం ఎలా తెలుసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

విజయనగరం ల్యాబ్

నమస్కారమండి. నేను విజయనగరంలో ఒక పాలిటెక్నిక్ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. మా దగ్గర మిషన్లన్నింటిలోనూ రెండు సిస్టమ్‌లు ఉన్నాయి కాబట్టి మీరు రాసినవన్నీ ఒక్కొక్కటిగా చూసినవే. మీరు ఒకే సమస్య అనుకుంటున్నదానిలో మూడు వేర్వేరు సమస్యలు కలిసి ఉన్నాయని నాకు అనిపిస్తోంది. వాటిని విడదీయకుండా ఏ మార్పు చేసినా, ఒకటి తగ్గి మిగతా రెండూ అలాగే ఉండిపోతాయి, చేసిన పని ఫలించిందో లేదో కూడా తెలియదు.

ముందు, పొద్దున్న కాపీ కాని విషయం. విండోస్ 8 నుంచి మైక్రోసాఫ్ట్ ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు పెట్టింది. మీరు ‘షట్ డౌన్’ నొక్కినప్పుడు విండోస్ పూర్తిగా ఆగిపోదు. తన లోపలి స్థితిని డిస్క్ మీద ఒక ఫైల్‌గా రాసుకొని, మర్నాడు దాన్నే మళ్ళీ పైకి తెచ్చుకుంటుంది. అంటే మీ ఫోటోల డిస్క్ విషయంలో కూడా విండోస్ దృష్టిలో పని ముగియలేదు, కొన్ని లెక్కలు ఇంకా దాని దగ్గరే ఉండిపోయాయి. ఆ స్థితిలో లినక్స్ వచ్చి రాస్తే రెండింటి లెక్కలూ తేడా వచ్చి ఫైళ్ళు పాడవుతాయి కాబట్టి, ఉబుంటు వాడే ఎన్‌టీఎఫ్ఎస్-3జీ డ్రైవర్ (ఆ ఫార్మాట్ డిస్క్‌లను చదివే, రాసే ప్రోగ్రాం) ఆ డిస్క్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది. అది మీకు అడ్డుపడుతున్నట్టు కనిపించినా నిజానికి మీ ఫోటోలను కాపాడుతోంది. ‘రీస్టార్ట్’ నొక్కినప్పుడు ఫాస్ట్ స్టార్టప్ పనిచేయదు. రాత్రి విండోస్‌లో షట్ డౌన్ చేసి, పొద్దున్న నేరుగా ఉబుంటులోకి వెళ్ళిన రోజున కాపీ కాదు. మధ్యాహ్నం విండోస్ నుంచి రీస్టార్ట్ చేసి వెళితే అవుతుంది. మీ సమస్యకు పొద్దుటి పూటతో ఉన్న సంబంధం ఇదేనని నా నమ్మకం.

దీన్ని తీసేయడానికి విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట, ప్రస్తుతం మార్చడానికి వీలులేని సెట్టింగులను మార్చే లింకు నొక్కి, కింద ఫాస్ట్ స్టార్టప్ పక్కనున్న టిక్కు తీసేయండి. అది తీశాక ఒకసారి పూర్తిగా షట్ డౌన్ చేయండి. ఎక్కడైనా బలవంతంగా మౌంట్ చేసే (అంటే డిస్క్‌ను సిస్టమ్‌కు కలిపి తెరిచే) పద్ధతి కనిపిస్తే దాని జోలికి వెళ్ళకండి. దాచిన విండోస్ స్థితిని చెరిపేసి డిస్క్‌ను తెరిచే ఆప్షన్ ఒకటి ఉంది, విండోస్‌లో సేవ్ చేయని పని ఏదైనా ఉంటే అది దానితోపాటే పోతుంది.

రెండవది 11,000 ఫైళ్ళ ఫోల్డర్. మీ డిస్క్ నిమిషానికి 5,400 చుట్లు తిరిగే రకమని అనుకుంటున్నాను, 2 టీబీ డిస్క్‌లలో అవి చాలానే ఉంటాయి. ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుంది, కావలసిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం కాలం ఆగాలి, తల అక్కడికి జరగడానికి మరో తొమ్మిది పది మిల్లీసెకన్లు కలుపుకుంటే, ఒక్కో ఫైల్‌ను ముట్టుకోవడానికే 15 మిల్లీసెకన్లు అవుతుంది. 11,000 ఫైళ్ళకు లెక్క కడితే 165 సెకన్లు, అంటే రెండు ముప్పావు నిమిషాలు. మీరు చెప్పిన సమయం దాదాపు ఇంతే. డిస్క్ చెడిపోలేదు, తన వేగంతో తాను పని చేస్తూనే ఉంది. దాని చేత మనం చేయిస్తున్న పనే పెద్దది. ఫైళ్ళ పేర్లు చూపించడానికి ఇంత పని అక్కర్లేదు. ప్రతి ఫోటోకూ చిన్న బొమ్మ తయారు చేయడానికీ, ఫోటో తీసిన తేదీ చదవడానికీ ప్రతి ఫైల్‌నూ తెరవాల్సి వస్తుంది.

ఇది నిజమో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే ఉబుంటులో టెర్మినల్ తెరిచి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి, ‘ఎల్ఎస్’ ఆదేశంతో పేర్ల జాబితా తీయించండి. అది నాలుగైదు సెకన్లలో వచ్చేస్తే జాప్యం చిన్న బొమ్మల దగ్గర ఉన్నట్టు. జాబితాకే నిమిషాలు పడితే డ్రైవర్‌నో డిస్క్‌నో అనుమానించాలి.

మూడవది ఏ పెద్ద ఫోల్డరూ తెరవకుండానే, ఊరికే కిటికీ తెరవడానికే పట్టే అర నిమిషం. నాకు అన్నింటికంటే ముఖ్యంగా అనిపించింది ఇదే. ఇది రెండు సిస్టమ్‌లలోనూ ఉంది కాబట్టి లినక్స్ తీసేసినా పోదు, విండోస్ మళ్ళీ వేసినా పోదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో దీనికి కారణం కావాలి. అది డిస్క్ కావచ్చు, లేదా రెండు సిస్టమ్‌లూ ఎదురుచూస్తున్న మరో వస్తువు కావచ్చు. మీరు ఫైబర్ కనెక్షన్ గురించి రాసిన వాక్యం దగ్గర నేను ఆగాను. మీ స్టూడియోలో ఇంకో కంప్యూటర్‌గాని, నెట్‌వర్క్‌లో పంచుకున్న ఫోల్డర్‌గాని, ప్రింటర్‌గాని ఉందా? కంప్యూటర్ వెనకనున్న నెట్‌వర్క్ కేబుల్ పీకేసి, ఒకసారి విండోస్‌లోనూ ఒకసారి ఉబుంటులోనూ కిటికీ తెరిచి, ఎన్ని సెకన్లు పడుతుందో చూసి చెప్పండి.

రాజాం సర్వీస్

పై వారు చెప్పిన క్రమం సరైనదే, కాని దానికి ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది. నేను పదిహేనేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఒకే ఒక్క కాపీ ఉన్న డిస్క్ మీద ఏ పరీక్షా మొదలుపెట్టను. మీ సమస్య నెట్‌వర్క్ వల్లే కావచ్చు, చిన్న బొమ్మల వల్లే కావచ్చు. అయినా 2016 నుంచి తిరుగుతున్న డిస్క్ ఏదో ఒక రోజు ఆగిపోతుంది. ఉద్దానం పెళ్ళిళ్ళ ఫోటోలు ఇంకెక్కడా లేవంటున్నారు. ముందు ఒక 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ కొని, మొత్తం అందులోకి తీసుకోండి. సెకనుకు 100 ఎంబీ వేగం నిలకడగా వచ్చినా 1.3 టీబీకి మూడున్నర గంటలు దాటుతుంది, చిన్న ఫైళ్ళు ఎక్కువగా ఉంటే ఇంకా పడుతుంది. కాబట్టి రాత్రి మొదలుపెట్టి వదిలేయండి. కరెంటు పోతే తట్టుకోవడానికి యూపీఎస్ ఉండాలి.

కాపీ చేసేటప్పుడు మీరే డిస్క్ ఆరోగ్యం తెలుసుకోవచ్చు. ఉబుంటులో ‘డిస్క్స్’ అనే ప్రోగ్రాం తెరిచి, ఎడమ వైపు ఆ హార్డ్ డిస్క్‌ను ఎంచుకొని, మూడు చుక్కల మెనూలో స్మార్ట్ డేటా (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) నొక్కండి. విండోస్‌లో అయితే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో కూడా ఇవే చూపిస్తుంది. అక్కడున్న వరుసలలో నాలుగు ముఖ్యం. 5వ నంబరు డిస్క్ ఇప్పటికే పక్కన పెట్టేసిన చెడ్డ సెక్టార్లు (డిస్క్ మీది చిన్న చిన్న గడులు). 197వ నంబరు చదవలేక తేల్చుకోకుండా ఉంచినవి, 198వది పరీక్షలో కూడా బాగుపడనివి. ఈ మూడింటిలోనూ సున్నా ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. 197 పెరుగుతూ ఉంటే మాత్రం జాప్యానికి అదే కారణం కావచ్చు, ఎందుకంటే చదవలేని చోట డిస్క్ అదే సెక్టార్‌ను మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ సెకన్ల తరబడి నిలబడిపోతుంది. 199వ నంబరు డిస్క్‌ది కాదు, డిస్క్‌కూ మదర్‌బోర్డ్‌కూ మధ్య జరిగే రవాణాలో వచ్చిన తప్పుల లెక్క. అది పెరిగితే ఆ రెండింటినీ కలిపే సాటా కేబుల్ మార్చాలి. ఈ అంకెలు సరిగా చూడకుండానే డిస్క్ పోయిందని చెప్పేవాళ్ళు ఉన్నారు, అందువల్ల మంచి డిస్క్‌లు మూలన పడటం నేను చాలాసార్లు చూశాను.

ఇంకొక మాట. కాపీ పూర్తయ్యేవరకు విండోస్‌లో డిస్క్‌ను తనిఖీ చేసి సరిచేసే చెక్‌డిస్క్ నడపకండి, ముఖ్యంగా చెడ్డ సెక్టార్లను వెతికే ఆర్ ఆప్షన్‌తో అసలు వద్దు. మంచి డిస్క్‌కు అది మేలే చేస్తుంది. చెడిపోతున్న డిస్క్ మీద గంటల తరబడి తిరిగి, మిగిలిన ఆయుష్షును అక్కడే ఖర్చు చేయిస్తుంది. ఉబుంటులో ఎన్‌టీఎఫ్ఎస్‌ఫిక్స్ అనే ఆదేశం ఉందిగానీ అది చెక్‌డిస్క్‌కు సమానం కాదు. చిన్న చిన్న తేడాలు సరిచేసి, తర్వాత విండోస్ తనిఖీ చేసుకునేలా గుర్తు పెడుతుంది, అంతే.

నరసన్నపేట స్టూడియో

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాజాం గారు చెప్పినట్టు శ్రీకాకుళం వెళ్ళి డిస్క్ కొని తెచ్చాను. ఆ రాత్రి ఎనిమిదికి మొదలుపెడితే తెల్లవారి మూడు దాటాక కాపీ పూర్తయింది. ఒక్క ఫైల్ దగ్గర కూడా ఆగలేదు. ఆ తర్వాతే పరీక్షలు చేశాను.

స్మార్ట్ డేటాలో 5, 197, 198 మూడూ సున్నా. 199లో మాత్రం 43 ఉంది. కాపీకి ముందూ 43, తర్వాతా 43.

ఫాస్ట్ స్టార్టప్ తీసేశాను. రాత్రి షట్ డౌన్ చేసి పొద్దున్న నేరుగా ఉబుంటులోకి వెళ్ళాను, కాపీ అయింది. రెండు రోజులు అదే విధంగా చూశాను, రెండు రోజులూ బాగానే ఉంది. కిందటి నెల ఒక రోజు ఉబుంటులో కాపీ కాక, కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉండగా అతని పెన్‌డ్రైవ్‌ను విండోస్‌లోనే తెరవాల్సి వచ్చింది. ఆ రోజు ఎంత భయపడ్డానో నాకు తెలుసు.

టెర్మినల్‌లో ‘ఎల్ఎస్’ జాబితా మూడు సెకన్లలో వచ్చింది. ‘ఫైల్స్’లో అదే ఫోల్డర్‌కు రెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. మీరు వేసిన లెక్కకు ఐదు సెకన్లు అటూ ఇటూ.

ఇక కేబుల్ సంగతి. పీకేసిన తర్వాత విండోస్‌లో ‘దిస్ పీసీ’ నొక్కగానే తెరుచుకుంది. ఉబుంటులోనూ అంతే. నమ్మకం కలగక నాలుగుసార్లు కేబుల్ పెట్టి తీసి చూశాను. పెడితే అర నిమిషం, తీస్తే వెంటనే.

మీరు అడిగిన రెండో కంప్యూటర్ వెనక గదిలో ఉంది. ఫోటో ప్రింటర్ దానికే తగిలించి ఉంటుంది. మూడేళ్ళ క్రితం ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనల్లుడు వచ్చి, దానిలోని ప్రింట్ల ఫోల్డర్ ఈ కంప్యూటర్‌లో కనిపించేలా పెట్టాడు. విండోస్‌లో జడ్ డ్రైవ్‌గా వస్తుంది, ఉబుంటులో ‘ఫైల్స్’ ఎడమ పక్కన ఒక బుక్‌మార్క్‌గా ఉంటుంది. రెండు నెలలుగా ఆ జడ్ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ గుర్తు పడింది. వెనక గది కంప్యూటర్ పాతదయిపోయి షేరింగ్ పాడైందనుకొని, అప్పటి నుంచి ప్రింట్ ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో వేసి తీసుకెళుతున్నాను. దీనికీ దానికీ సంబంధం ఉంటుందని ఊహించలేదు.

విజయనగరం ల్యాబ్

కారణం దొరికిందండి. పాత రౌటర్ మీ కంప్యూటర్లకు 192.168.1తో మొదలయ్యే అడ్రసులు ఇస్తూ ఉండి ఉండాలి. కొత్త ఫైబర్ రౌటర్ వేరే వరుస ఇస్తోంది. మీ మేనల్లుడు షేరింగ్ తప్పిపోకూడదని వెనక గది కంప్యూటర్‌కు మారని అడ్రసు పెట్టి ఉంటాడు, ఆ రోజుకు అది మంచి పనే. ఇప్పుడు ఆ అడ్రసు మీ కొత్త వరుసలో లేదు కాబట్టి, దాని కోసం వెళ్ళే పిలుపు పక్క గదికి వెళ్ళకుండా రౌటర్ దాటి బయటికి వెళ్ళి, ఎక్కడో జవాబు లేకుండా పోతోంది. లేదని ఎవరైనా వెంటనే చెబితే కంప్యూటర్ ముందుకు పోతుంది. ఏ జవాబూ రాకపోతే కొంతసేపు ఆగి, మళ్ళీ పిలిచి, ఇంకా ఎక్కువసేపు ఆగి చూస్తుంది. విండోస్‌లో ఆ ఎదురుచూపు ఇరవై సెకన్ల పైన సాగుతుంది. మీరు కేబుల్ పీకినప్పుడు నెట్‌వర్క్ లేదని దానికి అప్పటికప్పుడే తెలిసిపోయింది, అందుకే వెంటనే తెరుచుకుంది.

ఉబుంటులో ఇదే మరో దారిలో జరుగుతోంది. ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్‌లో ఆ షేర్‌కు (పంచుకున్న ఫోల్డర్‌కు) ఆటోమౌంట్, అంటే ముట్టుకోగానే దానంతటదే మౌంట్ అయ్యే ఏర్పాటు, పెట్టి ఉంటుంది. ‘ఫైల్స్’ తెరిచినప్పుడల్లా పక్కనున్న బుక్‌మార్క్‌లన్నీ ఉన్నాయో లేవో చూసుకుంటుంది. ఆ బుక్‌మార్క్ షేర్ లోపలి ఫోల్డర్‌కు పెట్టి ఉంటే, ఊరికే ఉందా అని చూడటమే దాన్ని మౌంట్ చేయమని అడిగినట్టు అవుతుంది. ఫోటోషాప్‌లో ‘సేవ్ యాజ్’ కిటికీ నిలబడిపోవడానికీ ఇదే కారణం, ఆ కిటికీ కూడా డ్రైవులన్నింటినీ పలకరిస్తుంది.

చేయాల్సింది ఇది. విండోస్‌లో జడ్ డ్రైవ్ మీద కుడి బటన్ నొక్కి డిస్‌కనెక్ట్ చేయండి. క్విక్ యాక్సెస్‌లో ఆ షేర్‌కు చెందిన ఫోల్డర్ ఏదైనా పిన్ చేసి ఉంటే తీసేయండి, ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ హిస్టరీ కూడా ఒకసారి చెరిపేయండి. ఇటీవల తెరిచిన ఫైళ్ళ జాబితాలో ఆ షేర్‌లోవి ఉంటే వాటి కోసం కూడా ఆగుతుంది. ఉబుంటులో బుక్‌మార్క్ తీసేసి, ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో ఆ వరుస మొదట ఒక హాష్ గుర్తు (#) పెట్టండి, అప్పుడు ఉబుంటు ఆ వరుసను పట్టించుకోదు. ముందు ఆ ఫైల్‌కు కాపీ తీసుకోండి. జాప్యం పూర్తిగా పోయిందని చూసుకున్న తర్వాత, వెనక గది కంప్యూటర్ అడ్రసును కొత్త వరుసలోకి మార్చి, షేర్‌ను మళ్ళీ పెట్టుకోవచ్చు. ఈసారి ఆటోమౌంట్ బదులు నోఆటో పెట్టండి. ప్రింట్ వేసేటప్పుడు మీరే మౌంట్ చేసుకుంటారు, వెనక గది కంప్యూటర్ ఆపి ఉన్న రోజు ఈ కంప్యూటర్ దాని కోసం ఆగదు.

పెద్ద ఫోల్డర్ విషయంలో నా సలహా వేరు. చిన్న బొమ్మలు రాకుండా ఆపేయవచ్చు, ‘ఫైల్స్’ ప్రిఫరెన్సెస్‌లో ఆ ఆప్షన్ ఉంది. కాని బొమ్మ చూడకుండా ఫోటోలు ఏరుకోమని ఫోటోగ్రాఫర్‌కు చెప్పలేను. దానికంటే కెమెరా కార్డు నుంచి దింపుకునేటప్పుడే రా ఫైళ్ళు ఒక ఫోల్డర్‌లోకీ జేపెగ్‌లు మరో ఫోల్డర్‌లోకీ వేసి, జేపెగ్‌లను స్నాతకం, ముహూర్తం, అప్పగింతలు అని సందర్భాన్ని బట్టి విడదీయండి. అప్పుడు ఏ ఫోల్డర్‌లోనూ వెయ్యి దాటవు, తెరిచిన పదిహేను సెకన్లలో మీ ముందుంటాయి. విండోస్‌లో ఆ ఫోటోల డిస్క్ మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో కస్టమైజ్ దగ్గర ‘జనరల్ ఐటమ్స్’ ఎంచుకొని, లోపలి ఫోల్డర్లకు కూడా వర్తింపజేయండి. తీసిన తేదీ ప్రకారం కాక ఫైల్ పేరు ప్రకారం అమర్చుకోండి. కెమెరా ఎలాగూ వరుస నంబర్లే ఇస్తుంది.

ఉబుంటు విషయంలో ఇంకొకటి చూడండి. ఒకసారి తయారైన చిన్న బొమ్మలను అది మీ హోమ్ ఫోల్డర్‌లో, ఎస్ఎస్‌డీ మీద దాచుకుంటుంది. కాని ఫైల్ ఉన్న పూర్తి దారిని బట్టి వాటికి పేరు పెడుతుంది. మీ డిస్క్ ఒక రోజు ‘డేటా’ పేరుతోనూ, కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయిన మర్నాడు ‘డేటా1’ పేరుతోనూ మౌంట్ అయితే, దారి మారింది కాబట్టి పాత బొమ్మలు పనికిరావు, మళ్ళీ మొదటి నుంచీ తయారు చేస్తుంది. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డిస్క్ యూయూఐడీ (ప్రతి డిస్క్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఇచ్చి, ఎప్పుడూ ఒకే చోట మౌంట్ అయ్యేలా పెట్టుకుంటే ఈ వృథా శ్రమ ఉండదు. ఆ వరుసలో నోఫెయిల్ కూడా చేర్చండి, డిస్క్ ఎప్పుడైనా దొరకకపోయినా ఉబుంటు బూట్ ఆగదు.

2021లో వచ్చిన లినక్స్ 5.15 కెర్నల్‌లో (సిస్టమ్ కేంద్ర భాగంలో) ఎన్‌టీఎఫ్ఎస్3 అనే కొత్త డ్రైవర్ చేరింది, దానికి మారమని ఎవరైనా చెప్పవచ్చు. అది వేగమైనదే. కాని మీ జాబితా మూడు సెకన్లలో వస్తోందంటే మీకు డ్రైవర్ దగ్గర ఇబ్బంది లేదు, ఇన్నేళ్ళ ఫోటోలున్న డిస్క్ మీద అవసరం లేని మార్పు చేయమని నేను చెప్పను.

రాజాం సర్వీస్

199లో 43 కదలకుండా ఉందంటే అవి ఎప్పుడో జరిగిన తప్పులు, ఆ లెక్క ఎప్పటికీ తగ్గదు. డిస్క్‌కు నా వంతు భరోసా ఇస్తున్నాను. కేబుల్ రెండు వైపులా ఒకసారి ఊడదీసి గట్టిగా పెట్టండి. నెలకోసారి ఆ అంకె చూసి కాగితం మీద రాసుకోండి, 43 దాటితే కేబుల్ మార్చండి.

కొత్త డిస్క్‌ను కంప్యూటర్‌కే తగిలించి ఉంచకండి. కాపీ అయ్యాక తీసి ఇంటికి తీసుకెళ్ళండి. స్టూడియోలోకి నీళ్ళు వచ్చినా, పిడుగు పడి కరెంటు ఎక్కువ వచ్చినా రెండు కాపీలూ ఒకేచోట ఉంటే రెండూ పోతాయి.

ఒక చిన్న విషయం: విండోస్‌లోకీ ఉబుంటులోకీ మారినప్పుడు గడియారం ఐదున్నర గంటలు తేడా వస్తోందా? విండోస్ మదర్‌బోర్డ్ గడియారాన్ని మన సమయంగా తీసుకుంటుంది, ఉబుంటు దాన్ని గ్రీనిచ్ సమయంగా తీసుకుంటుంది. అలా ఉంటే మీరు సేవ్ చేసే ఫైళ్ళ తేదీలు తప్పుగా పడి, రేపు మారిన ఫైళ్ళు మాత్రమే కాపీ చేయాలనుకున్నప్పుడు ఏది కొత్తదో తెలియదు. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ ఆదేశంతో లోకల్ ఆర్‌టీసీ (మదర్‌బోర్డ్ గడియారాన్ని మన సమయంగా తీసుకోవడం) పెట్టుకుంటే రెండూ కలుస్తాయి.

నరసన్నపేట స్టూడియో

ఈ రోజు ఆదివారం, స్టూడియో మూసి కూర్చొని అన్నీ వరుసగా చేశాను. జడ్ డ్రైవ్ తీసేశాను, క్విక్ యాక్సెస్‌లో ఆ షేర్‌కు చెందిన రెండు ఫోల్డర్లు పిన్ చేసి ఉన్నాయి, అవీ తీసేశాను. హిస్టరీ చెరిపేశాను. కేబుల్ పెట్టే ఉంది, ‘దిస్ పీసీ’ నొక్కగానే తెరుచుకుంటోంది. ఫోటోషాప్‌లో ‘సేవ్ యాజ్’ కూడా అంతే.

ఉబుంటులో ఎఫ్ఎస్‌ట్యాబ్ తెరిస్తే మీరు చెప్పిన వరుస చెప్పినట్టే ఉంది, మొదట్లోనే 192.168.1.20 అడ్రసుతో. మేనల్లుడికి ఫోన్ చేసి చదివి వినిపించాను. వాడే ఫోన్‌లో చెబుతూ ఉంటే వెనక గది కంప్యూటర్‌కు కొత్త వరుసలో అడ్రసు పెట్టాను, నోఆటో కూడా పెట్టించాడు. రెండు నెలల తర్వాత మొదటిసారి పెన్‌డ్రైవ్ లేకుండా ప్రింట్ వేశాను.

డిస్క్ నిజంగానే ‘డేటా1’ పేరుతో ఉంది. యూయూఐడీ ఇచ్చి ఒకే చోట పెట్టాను. టెక్కలి పెళ్ళి ఫోల్డర్‌ను విడదీస్తున్నాను, జేపెగ్‌లు ఏడు ఫోల్డర్లయ్యాయి. ముహూర్తం ఫోల్డర్‌లో 800 పైన ఉన్నాయి, పన్నెండు సెకన్లలో అన్నీ కనిపించాయి. రెండోసారి తెరిచినప్పుడు ఆగనే లేదు. గడియారం తేడా కూడా ఉంది, అది ఈ సాయంత్రం సరిచేస్తాను.

ఎక్స్‌టర్నల్ డిస్క్ ఇంట్లో బీరువాలో పెట్టాను. 2016 నుంచి 2018 వరకు ఉద్దానం వైపు తీసిన పెళ్ళిళ్ళను మాత్రం వేరే డిస్క్‌లోకి మూడో కాపీ కూడా తీస్తున్నాను. దాన్ని పలాసలో ఉన్న మా అన్నయ్య ఇంట్లో ఉంచుతాను.